పసుపు పడని ఇల్లు

కార్తీక శుద్ధ దశమి, శుక్రవారం

రత్నం, నీ దగ్గు తగ్గిందా? పొడి దగ్గో కఫం దగ్గో నువ్వు రాయలేదు. రాయకపోయేసరికి నేను రెండింటికీ దిగులు పడుతున్నాను. అల్లుడు బసవేశ్వర్రావు నడుం ఎలా ఉంది? గుడారం గుంజలు ఒక్కడే ఎత్తొద్దని చెప్పు. మరిది లంకయ్య కళ్ళలో చుక్కలు వేసుకుంటున్నాడా, సీసా ఎక్కడో పెట్టి మర్చిపోయాడా? మీ పిన్ని పేరంటాలు మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మనవరాలు హిమజకి పన్ను ఊడిందన్నావు, పైపన్నా, కిందిపన్నా? గేదె పాలు తగ్గించిందంటే గడ్డిలో ఉప్పెక్కువై ఉంటుంది, కట్టకి అవతలి వైపు గడ్డి కోసి వేయండి. నేను బాగానే ఉన్నాను. ఉత్తినే బాగున్నానంటే మీరు నమ్మరు కాబట్టి, కుడి భుజం కొంచెం పట్టేసిందని కూడా రాస్తున్నాను.

రోజూ ఇంటి సంగతులు రాసుకోమన్నారు ఇల్లు పెంచడం నేర్పే ఇక్కడి బడివాళ్ళు. చదువు అయ్యాక చూస్తారట. వాళ్ళకంటే ముందు మీరే చదువుకోండి.

నేనొచ్చిన ఈ హెల్వా ఊరు చల్లన. ఎంత చల్లనంటే కొబ్బరినూనె సీసాని చంకలో పెట్టుకుని పడుకుంటే గానీ పొద్దున్న తలకి రాసుకోవడానికి కరగదు. కానీ ఇల్లు మాత్రం వెచ్చన. కట్టిన ఇల్లు కాదు కదా, పెంచిన ఇల్లు. పుట్టగొడుగు జాతి. ఆరంతస్తులూ ఒకే దుంప మీద లేచాయట. గోడ మీద చెయ్యి పెడితే అప్పుడే దింపిన ఇడ్లీ మీద పెట్టినట్టుంటుంది. వంటింట్లో దానికో నోరుంది. కూరగాయల తొక్కలూ గంజీ అన్నం మెతుకులూ అందులో వేస్తే తింటుంది, తిన్నాక గోడలు వేడెక్కుతాయి. తలుపు దానంతటదే దగ్గరికి ముడుచుకుంటుంది. మొదటిరోజు నేను గోడకి ఆనుకోకుండా గది మధ్యలో నిలబడే ఉన్నాను. దాని మీద బరువు వేస్తే ఏమవుతుందోనని.

నాతోపాటు ఈ వాటాలో దాలమ్మ అని ఒకావిడ ఉంటోంది. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు మనిషి. వాళ్ళ ఊరూ మన ఈతలంక లాగే నీళ్ళలోకి పోయింది. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అప్పా అంటుంది, వాళ్ళ వైపు అక్కని అలా అంటారు.

"ఓలమ్మో, ఇదేటప్పా, గోడ ఇలగ మెత్తగున్నాది? ఉడికిపోనాదేటి?" అని వేలితో పొడిచింది.

"పొడవకు, నొప్పెడుతుందేమో!" అన్నాను.

"నొప్పెడితే అంటాది గదా."

నేనైతే ఒప్పందంలో ఉన్నవన్నీ చెవితో విని బట్టీ పట్టాను. మేకు కొట్టకూడదు. చెప్పులతో లోపల తిరగకూడదు. తిండి వేళకి పెట్టాలి. చేరిన రోజున ప్రతి మూలా ఫోటో తీసి ఇళ్ళ ఆఫీసుకి ఇవ్వాలి, మనం వెళ్ళేనాటికి ఇల్లు ఆ ఫోటోలో ఉన్నట్టే ఉండాలి. పక్కవాటాలవాళ్ళని కలిసి పేరు చెప్పుకోవాలి. ఎదురువాటా యోహన్ అనే పెద్దాయనకి రెండు అరిసెలు ఇచ్చి నమస్కారం పెట్టాను. ఆయన వాటిని జేబులో వేసుకున్నాడు.

మా పంతులమ్మ పేరు బ్రీతా. ఆవిడ మాట్లాడేది మా చెవిబిళ్ళలో తెలుగై వినిపిస్తుంది, కాకపోతే ఆ తెలుగు పాతకాలం రేడియో వార్తల్లా ఉంటుంది. "నాంచారమ్మ గారూ, మార్గశిర మాసమున ఒప్పుకోలు జరుగును. గృహము మిమ్ము అంగీకరించినచో మీకు పిలక నొసగును" అంది. అంటే మేం గోడ మీద రెండు చేతులూ పెడతాం. ఇల్లు మమ్మల్ని ఇష్టపడితే అక్కడ వేడెక్కి, అరటిచెట్టు పిలక పెట్టినట్టు ఒక చిన్న పిలక పెడుతుంది. మాఘంలో దాన్ని తెచ్చి మన కరకట్ట మీద నాటితే వానలు పడేనాటికి గదులు లేస్తాయి. నలభై కుటుంబాలకీ గుడారాల బాధ తప్పుతుంది. ఇల్లు ఇష్టపడకపోతే ఆ రోజే వాటా ఖాళీ చేసి ఉత్తచేతులతో ఇంటికి రావాలి.

అందుకే రత్నం, నాకు నిద్ర పట్టడం లేదు. నలభై కుటుంబాల ఇళ్ళు నా రెండు చేతుల్లో పెట్టారు మీరు.

ఇవాళ శుక్రవారం. తలంటుకుని, గడప కడిగి, పసుపు రాసి బొట్లు పెట్టాను. పేరంటాలు కట్టిచ్చిన పసుపు మూట నాకంటే బరువుంది. అద్దె ఇల్లైనా గడప గడపే.

కార్తీక బహుళ తదియ, శనివారం

ఇల్లు సరిగ్గా తినడం లేదు. నిన్న వేసిన సొరకాయ తొక్కలు ఇవాళ కూడా నోట్లో అలాగే ఉన్నాయి. తలుపు పూర్తిగా ముడుచుకోవడం లేదు, వేలు పట్టేంత సందు ఉంటోంది. ఆ సందులోంచి చలి నేరుగా నా చెవిలోకే వస్తోంది.

"ఇల్లుకి ఆకలి నేదేమోనప్పా. మనకి మాత్తరం రోజూ ఒకలాగుంటాదేటి?" అంది దాలమ్మ.

"పిల్లలు తినకపోతే ఊరుకుంటామా?"

"ఇది పిల్ల కాదు. ఆరంతస్తులున్నాది."

దిష్టి తగిలిందనిపించింది. ఎదురువాటా యోహన్ మా గడప మీది బొట్లని రోజూ వంగి మరీ చూస్తున్నాడు. పాపం, అనకూడదు గానీ చూపు కాస్త తీక్షణంగానే ఉంటుంది. నిన్న శుక్రవారం కదా, ఈసారి గడపకి దట్టంగా రాశాను. తలుపు రెండు పక్కలా కూడా నా చెయ్యి అందినంత మేర పట్టించాను. మిగిలింది వంటింటి మూలలకి. ఇల్లంతా కళకళలాడిపోయింది. పెళ్ళివారిల్లులా ఉందని దాలమ్మ కూడా ఒప్పుకుంది.

కార్తీక బహుళ దశమి, శనివారం

గోడలు నీళ్ళ కుండ అడుగులా చల్లబడ్డాయి.

దుప్పట్లు రెండు కలిపి కప్పుకున్నా వణుకే. దాలమ్మ ఉన్న చీరలన్నీ ఒకదాని మీద ఒకటి చుట్టుకుని బొంతలా తిరుగుతోంది. ఇంటికి జబ్బు చేసిందని ఇక నాకు గట్టిగా తెలిసిపోయింది. జబ్బు చేస్తే మనం ఏం చేస్తాం? గంజి కాచి, అందులో గుప్పెడు పసుపు వేసి, గోరువెచ్చగా దాని నోట్లో పోశాను. చిన్నప్పుడు నీకు పాలలో పట్టేదాన్ని కదా, ముక్కు మూసుకుని తాగేదానివి. ఇదీ అంతే, మొదటి గరిటెకే నోరు ముడుచుకుంది. మంచిమాటలు చెప్పి చెప్పి, పొద్దున ఒకసారి, మాపున ఒకసారి పట్టిస్తున్నాను.

ఇవాళ యోహన్ తలుపు తట్టాడు. టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, మర్యాదగానే అన్నాడు: "మీ గోడయు మా గోడయు ఒక్కటే. మా గది కూడ చల్లబడినది. నా భార్యకు ఉబ్బసము."

మన ఇంట్లో ఏం జరిగినా మన గుమ్మం లోపలే ఉండాలి కదా, ఇక్కడ గోడలో నుంచి పక్కింటికి పాకిపోతోంది. ఆవిడకి ఏమైనా అయితే? మా దగ్గరున్న రెండో దుప్పటి ఆయనకి ఇచ్చేశాను. వద్దన్నాడు. చేతిలో పెట్టి తలుపు వేసేశాను, అంటే ముడుచుకున్నంత వరకు వేశాను.

ఆఫీసుకి కబురు పెట్టమంటే దాలమ్మ ఒప్పుకోలేదు. "ఒప్పుకోలు ముందర ఇల్లుకి బాగునేదని సెప్తే ఎవులికి నట్టం? మనకే. బేగి నువ్వే నయం సేసీ అప్పా."

నాకూ భయమే వేసింది. పెట్టలేదు. పసుపు మరికాస్త పెంచాను.

మార్గశిర శుద్ధ పాడ్యమి, శుక్రవారం

ఇవాళ జరిగింది రాస్తుంటే ఇప్పటికీ భయం వేస్తోంది, మళ్ళీ నవ్వూ వస్తోంది.

బ్రీతా సాయంత్రం వాటా చూడ్డానికి వస్తానని పొద్దున్నే చెప్పింది. చేరినప్పటి ఫోటోలతో సరిపోల్చుతుందట. దాలమ్మ ఆ ఫోటోలు తీసి చూసి కేక పెట్టింది.

"అప్పా! ఫోటోలో గడప తెల్లగున్నాది. మనది బంగారం లాగున్నాది!"

నిజమే కదా! ఎలా తీసుకున్న ఇల్లు అలా అప్పజెప్పాలి. గుమ్మానికీ మూలలకీ పట్టించిన పసుపు ఒక్క పూటలో వదిలించాలి. ఇద్దరం కొంగులు బిగించాం. దాలమ్మ బట్టల సబ్బు తెచ్చి గడప మీద రుద్దింది, నేను బకెట్టుతో నీళ్ళు పోశాను.

గడప ఎర్రబడింది.

ఎర్రబడడమంటే మామూలుగా కాదు. రుద్దినకొద్దీ గుమ్మం, పక్కలు, మూలలు అన్నీ ఎర్రగా అయిపోయాయి. ఆ నీళ్ళు తలుపు సందులోంచి వసారాలోకి, వసారాలోంచి ఎదురువాటా గుమ్మం కిందికి పోయాయి. యోహన్ తలుపు తీశాడు. కాళ్ళ దగ్గర ఎర్రటి నీళ్ళు, ఎదురుగా చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు. గోడకున్న ప్రమాదం గంట లాగేశాడు.

అబ్బో, ఆ గోల! ఆరంతస్తుల జనమూ చలిలో వీధిలోకి దిగారు. ఇళ్ళకి వైద్యం చేసే తెల్లబట్టలవాళ్ళు మెట్లెక్కి పరిగెత్తుకొచ్చారు, వాళ్ళ వెనకే బ్రీతా. ఇల్లు రక్తం కక్కుతోందని యోహన్ గుండె పట్టుకుని చెబుతున్నాడు. ఆయన భార్య కళ్ళు తుడుచుకుంటోంది. ఒకతను మా గుమ్మానికి కట్టు కట్టడం కూడా మొదలుపెట్టాడు.

దాలమ్మకి నవ్వు ఆగడం లేదు. "పారాణప్పా, పారాణి! ఇల్లుకి పెళ్ళి సేస్నాం!" అంటూ గోడకి ఆనుకుని కూలబడింది. నవ్వుతుంటే వాళ్ళు ఇంకా భయపడ్డారు.

నాకు ఆ ఉబ్బసం ఆవిడ ఏడుపు చూసి ఉండబట్టలేదు. లోపలికెళ్ళి చిటికెడు పసుపు అరచేతిలో వేసుకుని, సబ్బు నురగతో కలిపి అందరికీ చూపించాను. "రక్తం కాదమ్మా. ఇది పసుపు. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. సున్నం తగిలినా అంతే. మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. ఇంటికి దెబ్బేం తగల్లేదు" అన్నాను.

కట్టు కట్టేవాడు కట్టడం ఆపేశాడు. అందరూ నా అరచెయ్యి చూశారు. యోహన్ వేలు ముంచి వాసన చూసుకున్నాడు. జనం నవ్వుకుంటూ ఎవరి వాటాలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

బ్రీతా మాత్రం వెళ్ళలేదు. "పసుపు అనగా నేమి? దీనిని మీరు ఎచ్చటెచ్చట పూసితిరి?" అని అడిగింది.

అన్నీ చూపించాను. గంజిలో కలిపింది కూడా చెప్పాను, ఎంత శ్రద్ధగా చూసుకున్నామో తెలుస్తుందని. ఆవిడ కాగితంలో చెంచాడు పసుపు పొట్లం కట్టుకుని వెళ్ళింది.

మర్నాడు, శనివారం

బ్రీతా ఒక గాజుపళ్ళెం తెచ్చింది. అందులో ఇంటిగోడ నుంచి తీసిన చిన్న ముక్క, తెల్లగా దూదిలా పెరుగుతోంది. మధ్యలో చిటికెడు పసుపు. పసుపు చుట్టూ దూది నల్లగా మాడి రాలిపోయింది.

"ఇది గృహములకు విషము" అంది.

ఆ చెవిబిళ్ళ ఆ మాటని కూడా వార్తల్లాగే చదివింది.

రత్నం, జబ్బు చేసిందని పసుపు పెట్టాను. పెట్టినకొద్దీ జబ్బు ముదిరింది. ముదిరినకొద్దీ ఎక్కువ పెట్టాను. పాపం, ఇల్లు నోరు ముడుచుకుంటే మంచిమాటలు చెప్పి మరీ విషం పట్టాను.

"ఇప్పుడే ఖాళీ చేయమంటారా?" అని అడిగాను.

"మేము చెప్పుటకు లేదు. గృహమే చెప్పవలెను. ఒప్పుకోలు దినము మారదు" అంది. తలుపు దగ్గర ఆగి, "నిన్నటి దినమున మీరు ఊరకున్నచో నాకు కారణము తెలిసి యుండెడిది కాదు" అని కూడా అంది. మెచ్చుకుందో తప్పు పట్టిందో రేడియో గొంతులో ఎవరికి తెలుస్తుంది?

దాలమ్మా నేనూ తడిగుడ్డతో ప్రతి మూలా తుడిచాం. సబ్బు ముట్టలేదు. తరవాత ఉత్త గంజి పోశాను. నోరు తెరవలేదు. పక్కనే కూర్చున్నాను.

మార్గశిర శుద్ధ సప్తమి, గురువారం

తిన్నది! సొరకాయ తొక్క ఒకటి, గంజి రెండు గరిటెలు. వంటింటి గోడ అరచెయ్యి మేర గోరువెచ్చన. దాలమ్మ వెళ్ళి యోహన్ వాళ్ళ గోడ కూడా తడిమి వచ్చింది, వాళ్ళదీ వేడెక్కుతోందట. వాళ్ళావిడ మా దుప్పటి మడతపెట్టి, దాని మీద రొట్టె పెట్టి పంపింది.

సంతోషించాల్సింది పోయి నాకు కొత్త దిగులు పట్టుకుంది. ఇల్లు నన్ను క్షమించి పిలక ఇచ్చిందే అనుకో. దాన్ని తెచ్చి మన కట్ట మీద నాటితే నలభై గడపలు లేస్తాయి. నలభై గడపలకీ శుక్రవారం వస్తుంది.

ఈ మాట నీతో ఫోనులో అన్నప్పుడు నువ్వేమన్నావో రాస్తున్నాను, రేపు నేనలా అనలేదంటావు.

"వాళ్ళకి చెప్పమాకే అమ్మా! నోరు మూసుకుని తెచ్చెయ్. వచ్చాక మానేస్తాంలే పసుపు."

"మీ పిన్ని పేరంటాలు మానేస్తుందా?"

"పిన్నికి నేను చెప్తా."

"చెప్తావు. వింటుంది. శ్రావణ శుక్రవారం నాడు నువ్వు అటు తిరగ్గానే రాసేస్తుంది. నేనైనా రాసేస్తానే రత్నం, చెయ్యి ఆగదు. ఒకళ్ళు రాస్తే వరసంతా చల్లబడిపోతుంది. లోపల పిల్లలు పడుకుని ఉంటారు."

"ఇంకో వానాకాలం గుడారాల్లో పడుండమంటావా? మొన్న గాలికి మా గుడారం గుంజ విరిగి హిమజ పక్కన పడింది, తెలుసా నీకు?"

తెలియదు. నువ్వు నాకు రాయలేదు. ఫోను పెట్టేశావు.

మార్గశిర బహుళ చవితి, మంగళవారం

ఒప్పుకోలు అయింది.

బ్రీతా నిలబడింది, యోహన్ వాళ్ళు గుమ్మం దగ్గర నిలబడ్డారు. ముందు దాలమ్మ చేతులు పెట్టింది. గోడ వెంటనే వేడెక్కింది. బొటనవేలంత పిలక వచ్చి దాలమ్మ చేతిలో పడింది. "ఓలమ్మ, కోడిపిల్లలాగున్నాది!" అని ఏడ్చేసింది, నవ్వేసింది.

నా వంతు వచ్చింది. వేడినీళ్ళతో చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా గోళ్ళ సందుల్లో పచ్చదనం పోలేదు. అలాగే పెట్టాను. గోడ చల్లగానే ఉంది. బ్రీతా గడియారం చూసుకుంది. నా నోట ఏ దేవుడి పేరూ రాలేదు, "తప్పయిందమ్మా, తెలియక చేశాను" అని గోడతో మెల్లగా అన్నాను. చాలాసేపటికి అరచేతుల కింద నులివెచ్చన మొదలైంది. మెత్తగా ఉబ్బింది. చంటిపిల్ల మాడు కొట్టుకున్నట్టు కొట్టుకుంది. పిలక నా చేతిలోకి దిగింది.

దాన్ని చేతుల్లో పట్టుకున్నాక ఇక దాచలేకపోయాను. "బ్రీతమ్మా, దీన్ని నేను తీసుకెళ్ళలేను. మా ఊళ్ళో చచ్చిపోతుంది" అన్నాను. శుక్రవారాల సంగతి, శ్రావణం సంగతి, పెళ్ళిళ్ళ సంగతి, అంతా చెప్పేశాను.

దాలమ్మ నా మీద విరుచుకుపడింది. "నీ నోరు కుట్టీసుకోనేవేటప్పా! నీది నువ్వు ఒగ్గీసుకో, నాదెందుకు ఆపిస్తావు? మా ఊరోలు అక్కడ నానెప్పుడొస్తానా అని సూస్తన్నారు!"

"మీ ఇంట్లో గడపకి పసుపు రాయరా?"

దాలమ్మ పిలక వంక చూసుకుంది. "మా అత్తున్నాది" అంది చివరికి. "పసుపుకొమ్ము మింగి పుట్టిన మనిసి. గడపకేటి, మేకకి కూడా రాసేస్తాది." కొంగుతో ముక్కు తుడుచుకుని, తన పిలకని కూడా బ్రీతా ముందు పెట్టింది.

బ్రీతా రెండు పిలకలనీ పక్కపక్కన పెట్టి చూసింది. పిలకలు చిన్నవిగా ఉన్నప్పుడే ఆవగింజలో సగమంత పసుపుతో మొదలుపెట్టి, నెలనెలా పెంచుకుంటూ పోతే అలవాటు పడొచ్చంది. పడకపోవచ్చు కూడా అంది. ఇంతకుముందు ఎవరూ చేయలేదట. ఏడాది పడుతుంది. వాటికి మా చేతులే తెలుసు కాబట్టి మేం ఇక్కడే ఉండి పెంచాలి.

అంటే ఇంకో వానాకాలం మీకు గుడారాల్లోనే. నా మీద కోపంగా ఉంటుంది నీకు, ఉండు. గుంజలు మాత్రం వెంటనే మార్చండి. హిమజని మధ్యలో పడుకోబెట్టు, అంచున వద్దు.

ఎంత పసుపుకి అలవాటు చేయాలో తెలియాలంటే మనవాళ్ళు ఎంత రాస్తారో కళ్ళారా చూడాలట. అందుకని బ్రీతా మన ఈతలంక గుడారాలకి వస్తోంది. నేను రావడం లేదు, పిలకకి పూటపూటా గంజి పట్టాలి. ఆవిడ కారం తినదు, చెవిబిళ్ళ ఉంటుంది కాబట్టి మాట్లాడటానికి భయపడకండి. ఎప్పుడు రమ్మంటారని అడిగితే రోజు నేనే చెప్పాను. ఆ రోజు గుడారాల గుమ్మాలకి ఎప్పుడూ ఎంత రాస్తారో అంతే రాయండి. ఆవిడ ఉందని తగ్గించొద్దు. పేరంటాలుకి కూడా అదే మాట చెప్పు. మాఘ శుద్ధ పంచమి, శుక్రవారం, పొద్దుటి పడవకి దిగుతుంది.